మొటిమలకు ట్యూబ్ కొనే ముందు దాని వెనక రాసింది చదవండి

పోయిన నెల మా అక్క కూతురు ఫోన్ చేసింది, అనంతపురంలోనే హాస్టల్లో ఉండి ఇంటర్ సెకండియర్ చదువుతాది. "చిన్నమ్మా, నా రూమ్మేట్ ఒక ట్యూబ్ చెప్పింది, వారం రోజులు పూస్తే మొటిమలు పోయి మొహం తెల్లగా అయితాదంట, కొనుక్కునేదా" అని అడిగింది. వద్దు అనలేదు నేను, ముందు ఆ ట్యూబ్ వెనక ఉండే చిన్న అక్షరాలు ఫోటో తీసి పంపు పాపా అన్నా. పంపింది. హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, మోమెటాసోన్ అని మూడు పేర్లు. మూడోది స్టెరాయిడ్, ఆ పేరు చూసేసరికి నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు, ఎందుకంటే డిగ్రీలో ఉన్నప్పుడు నేనూ అట్లాంటిదే ఎనిమిది నెలలు పూసుకున్నా, దాని ఖర్చు ఇంకో రెండేళ్ళు కట్టుకున్నా. ఆ సంగతి తర్వాత చెప్తా. నేను డాక్టర్ని కాదు, స్కూల్లో టీచర్ని, ఇక్కడ రాసేవన్నీ స్కిన్ డాక్టర్ల దగ్గర కూర్చుని ఒక్కొక్కటి అడిగి తెలుసుకున్నవి, నా మొహం మీద చూసినవి.

మొదట మొటిమ అంటే ఏందో తెలిస్తే సగం భయం పోతాది. చర్మంలో ప్రతి వెంట్రుక కుదురు పక్కన ఒక చిన్న నూనె గ్రంథి ఉంటాది, అది తీసే జిడ్డు పేరు సీబమ్. అది చెడ్డదేం కాదు, చర్మం ఎండిపోకుండా కాచేది అదే. పన్నెండు పదమూడేళ్ళు వచ్చేసరికి ఆండ్రోజెన్ హార్మోన్లు పెరుగుతాయి, మగపిల్లలకే కాదు ఆడపిల్లలకూ పెరుగుతాయి, దాంతో ఆ గ్రంథి జిడ్డు ఎక్కువ తీయడం మొదలుపెడతాది. అదే టైంలో ఆ సన్న గొట్టం లోపలి చర్మపు పొట్టు రాలిపోకుండా ఒకదానికొకటి అతుక్కుని దారికి అడ్డం కూర్చుంటాది. మన వైపు తోటల్లో డ్రిప్ పైపులు చూసే ఉంటారు కదా, బోరు నీళ్ళ ఉప్పుకు డ్రిప్పర్ కన్ను మూసుకుపోతే వెనక నీళ్ళు ఆగిపోతాయి, అచ్చం అట్లానే. జిడ్డు వెనక్కి నిలబడిపోతాది. ఆ నిలబడిన జిడ్డులో క్యూటీబ్యాక్టీరియం ఏక్నెస్ అనే సూక్ష్మజీవి ఎక్కువవుతాది, ఇది అందరి మొహం మీదా ఉండేదే, ఎవరి నుంచో అంటుకునేది కాదు. దాని మీదికి మన ఒంటి రక్షణ కణాలు వస్తాయి, అప్పుడే ఎర్రబడి, వాచి, చీము పట్టి, నొప్పి పుడతాది.

మూసుకుపోయి పైన చర్మం కప్పేసి ఉంటే వైట్‌హెడ్. మూతి తెరుచుకుని ఉంటే బ్లాక్‌హెడ్, దాంట్లో నలుపు మట్టి కాదు, చర్మంలో ఉండే మెలనిన్ గాలి తగిలి నల్లబడింది అంతే. ఈ ఒక్క ముక్క తెలియక ఎంతమంది పిల్లోళ్ళు రోజుకు ఆరుసార్లు సబ్బుతో, పీచుతో, శనగపిండితో మొహం తోముకుంటా ఉంటారో, తోమేకొద్దీ చర్మం చిట్లి మంట పెరుగుతాది కానీ లోపలి బిరడా కదలదు. రోజుకు రెండుసార్లు చాలు, చెమట బాగా పట్టి ఇంటికి వస్తే ఇంకోసారి.

మన సీమలో ఉండేవాళ్ళకు కొన్ని ప్రత్యేకంగా చెప్పాలి. మేలో 42, 43 డిగ్రీల ఎండ, ఆ ఎండకు నల్లబడతామని బండి మీద పోయే ఆడపిల్లలంతా చున్నీ కళ్ళు తప్ప ఏమీ కనపడకుండా బిగించి కట్టుకుంటారు, మగపిల్లోళ్ళు హెల్మెట్ పట్టీ. ఆ రాపిడి, చెమట, వేడి ఒకేచోట గంటలకొద్దీ ఉంటే దవడ మీద, గడ్డం కింద, నుదుటి మీద మొటిమలు లేస్తాయి. చున్నీ కట్టుకోవద్దు అనను, ఎండ కూడా చెడ్డదే, కానీ పల్చటి కాటన్‌ది కట్టుకోండి, ఒకసారి కట్టింది ఉతక్కుండా మళ్ళీ కట్టుకోవద్దు. హెల్మెట్ లోపల మెత్త తీసి ఉతికేదానికి వస్తాది చాలా వాటికి, చూడండి.

ఇంకోటి తలనూనె. మా జేజి ఆదివారం వస్తే తలకు కొబ్బరినూనె, ఆముదం కలిపి నుదుటి మీద కారేదాకా పెట్టేది, అది ప్రేమ, దాన్ని కాదనను, కానీ కొబ్బరినూనె మొటిమల మొహానికి పడదు, రంధ్రాలు మూసేస్తాది. నుదుటి మీద జుట్టు మొదలయ్యే చోట వరసగా సన్నవి ఉంటే సగం అనుమానం నూనె మీదే పెట్టుకోండి. తల స్నానానికి గంట ముందు పెట్టుకుని కడిగేసుకుంటే సరిపోతాది, రాత్రంతా నూనె తలతో పడుకుంటే దిండు గలీబు నుంచి బుగ్గకు తగులుతాది.

తిండి సంగతికి వస్తే పెద్ద గొడవ. మనింట్లో ఒక మొటిమ కనపడంగానే "వేడి చేసింటాది, చెనిక్కాయలు మానుకో" అంటారు. చెనిక్కాయలు పండే జిల్లాలో పుట్టి చెనిక్కాయలు మానుకోమంటే ఏం తినాల? చెనిక్కాయల వల్ల మొటిమలు వస్తాయని గట్టి రుజువు లేదు, ఊరిమిండి నిశ్చింతగా తినండి. నూనెలో వేగింది తింటే ఆ నూనె వచ్చి మొహంలో ఊరదు. నిజంగా కొంత ఆధారం ఉండేది చక్కెర మీద, రక్తంలో గ్లూకోజ్ గబుక్కున పెంచే తిండి మీద. కూల్‌డ్రింకులు, బేకరీ కేకులు, తెల్లన్నం గిన్నెలు గిన్నెలు, ఇవి ఇన్సులిన్ పెంచుతాయి, దాని వెంట జిడ్డు పెంచే హార్మోన్ల పని పెరుగుతాది. కొందరికి పాలు ఎక్కువైతే, ముఖ్యంగా వెన్న తీసిన పాలు, మొటిమలు పెరిగినట్టు పరిశీలనల్లో కనపడింది. జిమ్‌కు పోయే పిల్లోళ్ళు వే ప్రోటీన్ డబ్బా మొదలుపెట్టినాక వీపంతా లేస్తే దాన్ని ఒక రెండు నెలలు ఆపి చూడండి. జిమ్‌లో ఎవరో ఇచ్చిన ఇంజెక్షన్లు అయితే అది ఇంకా పెద్ద ప్రమాదం, మొటిమలు దాంట్లో చిన్న ముక్క, వెంటనే ఆపి డాక్టర్‌కు చెప్పండి. రాత్రి పూట అన్నం తగ్గించి జొన్నరొట్టె, పప్పు, ఆకుకూర అంటే మొహానికి ఒకటే కాదు ఒంటికీ మంచిదే, కానీ తిండి ఒక్కటే మార్చి మొటిమలు పోతాయని కూర్చోవద్దు.

పెండ్లైతే పోతాయి అనే మాట కూడా వద్దు, దయచేసి ఆడపిల్లల ముందర అనొద్దు. ఇరవై ఐదు దాటినాక కూడా దవడ ఎంబడి లోతుగా నొప్పిగా వస్తా ఉంటే, పీరియడ్స్ రెండు మూడు నెలలకు ఒకసారి వస్తా ఉంటే, గడ్డం మీద గట్టి వెంట్రుకలు వస్తా ఉంటే అది పీసీఓడీ, అంటే అండాశయాల హార్మోన్ల తేడా, కావచ్చు. అప్పుడు క్రీములు ఎన్ని పూసినా సగమే పని చేస్తాయి, హార్మోన్ పరీక్ష, స్కానింగ్ చేయించి లోపలి మందు కూడా తీసుకోవాల. ఇంకా కొన్ని మందుల వల్ల కూడా మొటిమలు వస్తాయి, స్టెరాయిడ్ మాత్రలు, ఫిట్స్‌కు వాడే ఫెనిటాయిన్, టీబీకి ఇచ్చే ఐసోనియాజిడ్ ఇట్లాంటివి, అట్లని వాటిని మీ అంతట మీరు ఆపొద్దు, టీబీ మందు అసలే ఆపకూడదు, రాసిన డాక్టర్‌తో మాట్లాడండి.

ఇప్పుడు వైద్యం. మూడు నాలుగు వస్తువులు చాలు, పది సీసాలు అక్కర్లేదు. ఒక మెత్తటి ఫేస్‌వాష్, జిడ్డు ఎక్కువ ఉండేవాళ్ళకు 2 శాతం లోపు సాలిసిలిక్ యాసిడ్ ఉండేది బాగుంటాది. ఒక పల్చటి మాయిశ్చరైజర్, జిడ్డు మొహానికి ఇది ఎందుకు అంటారు అందరూ, కానీ మొటిమల మందులు చాలావరకు చర్మాన్ని ఎండబెడతాయి, ఇది లేకుంటే పదో రోజుకు మంట తట్టుకోలేక మందే ఆపేస్తారు, నేను చూసినవాళ్ళలో ఎక్కువమంది ఓడిపోయింది ఇక్కడే. డబ్బా మీద నాన్‌కామెడోజెనిక్ అని ఉందా చూసుకోండి, రంధ్రాలు మూయదు అని అర్థం. పగలు ఎస్‌పీఎఫ్ 30 లేదా అంతకంటే ఎక్కువ ఉండే జెల్ సన్‌స్క్రీన్.

మందుల్లో మొదటి మెట్టు రెండు. ఒకటి అడాపలీన్ 0.1 శాతం జెల్, ఇది అతుక్కుపోయే పొట్టును సరిచేసి రంధ్రం మూసుకోకుండా చూస్తాది. రెండోది బెంజాయిల్ పెరాక్సైడ్ 2.5 శాతం, ఇది ఆ సూక్ష్మజీవిని చంపుతాది, ఎన్నాళ్ళు వాడినా సూక్ష్మజీవి దీనికి అలవాటు పడిపోదు, అదే దీని గొప్ప. 10 శాతం కొంటే నాలుగింతలు పని చేస్తాదనుకోవద్దు, పని దాదాపు అంతే, మంట మాత్రం ఎక్కువ. ఇంకో ముఖ్యమైన సంగతి, అది బట్టల రంగు తీసేస్తాది, మా అక్క కొత్త టవల్ మీద తెల్ల మచ్చలు పడి రెండు రోజులు నాతో మాట్లాడలేదు, కాబట్టి తెల్ల టవల్, పాత దిండు గలీబు వాడండి.

పూసే పద్ధతి సరిగ్గా చెప్తా, ఎందుకంటే మందు సరిగ్గా ఉండి పద్ధతి తప్పినవాళ్ళే ఎక్కువ. రాత్రి మొహం కడిగి తడి పూర్తిగా ఆరనివ్వండి, ఒక ఇరవై నిమిషాలు. అడాపలీన్ బఠాణీ గింజంత తీసుకుని నుదురు, రెండు బుగ్గలు, గడ్డం మీద చుక్కలు పెట్టి మొహమంతా పల్చగా పరచండి, కంటి చుట్టూ, ముక్కు మూలలు, పెదాల మూలలు వదిలేయండి. మొటిమ మీద మాత్రమే చుక్క పెట్టేది దీనికి పనికిరాదు. మళ్ళీ డ్రిప్ మాటే చెప్తా, మూసుకున్న ఒక్క డ్రిప్పర్‌ను పిన్నుతో పొడిస్తే రేపు పక్కది మూసుకుంటాది, అందుకే రైతు యాసిడ్ పెట్టి లైన్ అంతా ఫ్లష్ చేస్తాడు. ఈరోజు కనపడే మొటిమ వారాల ముందే లోపల మొదలైంది, వచ్చే నెల కనపడేది ఇప్పుడు లోపల కూర్చుని ఉంది, మనం మందు వేసేది దానికి. మొదటి రెండు వారాలు రోజు మార్చి రోజు, అలవాటైనాక రోజూ. దాని మీద మాయిశ్చరైజర్. బెంజాయిల్ పెరాక్సైడ్ పొద్దున పూసి పది నిమిషాలకు కడిగేసినా మొదట్లో చాలు. గర్భంతో ఉన్నవాళ్ళు, పిల్లల కోసం చూసేవాళ్ళు అడాపలీన్ వాడకూడదు, వాళ్ళకు అజెలాయిక్ యాసిడ్ అనేది ఉంది, డాక్టర్‌ను అడిగి వాడొచ్చు, మచ్చలకు కూడా అది మంచిదే.

మొదటి నెలలో మొటిమలు పెరిగినట్టు కూడా కనపడొచ్చు, పొట్టు లేస్తాది, కొంచెం ఎర్రబడుతాది. ఇక్కడే మనసు జారుతాది. ఆరు నుంచి ఎనిమిది వారాలకు తేడా తెలుస్తాది, సరిగ్గా తేల్చుకోవాలంటే పన్నెండు వారాలు. పదిహేను రోజులకొకసారి అదే కిటికీ దగ్గర అదే వెలుతురులో ఫోటో తీసి పెట్టుకోండి, అద్దంలో రోజూ చూసుకుంటే తగ్గింది కనపడదు. తగ్గినాక కూడా వారానికి రెండు మూడు రోజులు అడాపలీన్ కొనసాగించాల, లేకుంటే తిరిగి వస్తాయి.

మెడికల్ షాపులో అడగంగానే ఇచ్చేది ఎక్కువగా క్లిండమైసిన్ జెల్, అది యాంటీబయోటిక్, మంచి మందే కానీ ఒక్కదాన్నే నెలలకొద్దీ పూస్తే సూక్ష్మజీవి దానికి లొంగడం మానేస్తాది, పక్కన బెంజాయిల్ పెరాక్సైడ్ ఉండాల్సిందే. డాక్సీసైక్లిన్ మాత్రలు కూడా అంతే, డాక్టర్ రాస్తే మూడు నెలల లోపు, గ్లాసు నిండా నీళ్ళతో వేసుకుని వెంటనే పడుకోకుండా ఉండాల లేకుంటే గొంతు గొట్టం పుండవుతాది, అది వాడేటప్పుడు ఎండ ఎక్కువ కాలుస్తాది, మన ఎండకు అది చిన్న విషయం కాదు.

ఇంక నా సంగతి. డిగ్రీ రెండో ఏడు, పెండ్లి చూపులకు వస్తారని ఇంట్లో మాటలు మొదలైనాయి, మొహం నిండా మొటిమలు. ఒక మందుల షాపులో అడిగితే ఒక ట్యూబ్ ఇచ్చినాడు, చీటీ అడగలేదు, నేనూ అడగలేదు. ఐదో రోజుకు ఎరుపు పోయింది, పదో రోజుకు మొహం మెరిసింది, అమ్మ సంతోషపడింది. స్టెరాయిడ్ చేసే పని అదే, రక్తనాళాలను ముడిచి, మంటను అణిచిపెట్టి పైకి బాగున్నట్టు చూపిస్తాది. నాలుగో నెల నుంచి ఒక్కరోజు పూయకుంటే మొహం భగ్గుమనేది. ఎనిమిదో నెలకు బుగ్గల మీద సన్న ఎర్రని నరాలు, చెంపల మీద నూగు, ఎండలోకి పోతే కారం పూసినట్టు మంట, ముందు లేనన్ని ఒకే సైజు ఎర్ర పొక్కులు. పెద్దాసుపత్రి స్కిన్ ఓపీలో డాక్టరమ్మ ట్యూబ్ చూసి నన్ను తిట్టలేదు, ఇట్లాంటివాళ్ళు రోజూ వస్తారమ్మా అంది. స్టెరాయిడ్ క్రీముతో పాడైన మొహానికి డాక్టర్లలో ప్రత్యేకంగా పేరే ఉంది, మన దేశంలో అంత ఎక్కువ ఇది. 2018లో ఇట్లాంటి చాలా స్టెరాయిడ్ క్రీములను డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదని ప్రభుత్వం చెప్పింది కూడా, అయినా చేతికి వస్తానే ఉన్నాయి.

అందుకే పేర్లు రాసి పెట్టుకోండి: బెటామెథాసోన్, క్లోబెటసాల్, మోమెటాసోన్, ఫ్లూసినోలోన్, బెక్లోమెథాసోన్. వీటిలో ఏది ఉన్నా మొటిమలకు పూయొద్దు. ఇవి ఒట్టిగా చెడ్డ మందులు కావు, తామర లాంటి ఫంగస్ రోగానికి కాదు కానీ ఎగ్జిమాకు, సొరియాసిస్‌కు డాక్టర్ చెప్పినన్ని రోజులు అవసరం, మా పాప పంపిన మూడు కలిపిన మందు కూడా మంగు మచ్చలకు కొద్ది వారాలు రాసేది. మొటిమలకు మాత్రం కాదు. ట్యూబ్ మీద నిలువుగా ఎర్ర గీత ఉందంటే అది చీటీ ఉండాల్సిన మందు. పేరే లేని డబ్బాలో, బ్యూటీ పార్లర్‌లో కలిపి ఇచ్చే తెల్లబడే క్రీముల జోలికి అసలే పోవద్దు, అందులో ఏం ఉందో చెప్పేవాళ్ళే ఉండరు. ఇప్పటికే నెలలుగా వాడుతుంటే ఒక్కసారిగా పారేసి ఇంట్లో ఏడ్చుకుంటా కూర్చోవద్దు, ఆపితే మంట తిరగబడుతాది, డాక్టర్ దగ్గరికి పోతే ఎట్లా దించాలో, మధ్యలో మంటకు ఏం వాడాలో చెప్తారు. నాకు మొహం మొహంలా అయ్యేదానికి రెండేళ్ళు పట్టింది.

నిమ్మరసం, టూత్‌పేస్ట్, వంటసోడా కూడా వద్దు. నిమ్మరసం పూసి ఎండలోకి పోతే కాలిన మచ్చలు పడతాయి. ముల్తానీ మట్టి జిడ్డు పీల్చేదానికి తప్ప మొటిమకు మందు కాదు, వారానికి ఒకసారి వేసుకుంటే వేసుకోండి. గిల్లొద్దు, ముఖ్యంగా ముక్కు, పై పెదవి దగ్గర.

ఇంకొక తికమక ఉంది, చాలామందికి తెలియదు. నుదుటి మీద, వీపు మీద, ఛాతీ మీద అన్నీ ఒకే సైజులో సన్నగా, బాగా దురద పెడుతూ ఉంటే అది మొటిమ కాకుండా మలసీజియా అనే ఫంగస్ వల్ల వచ్చే పొక్కులు కావచ్చు. చెమట కాలంలో ఎక్కువ. యాంటీబయోటిక్ వేస్తే ఇంకా పెరగొచ్చు, ఫంగస్ మందుకే తగ్గుతాది. అసలు మొటిమకు నొప్పి ఉంటాది కానీ ఇంత దురద ఉండదు.

గడ్డలు మాదిరి లోతుగా, నొప్పిగా ఉంటే, గుంటలు పడుతుంటే, మూడు నెలలు సరిగ్గా వాడినా తగ్గకుంటే స్కిన్ డాక్టర్ దగ్గరికి పోవాల్సిందే, గుంట పడినాక పోయేదానికంటే పడకముందు పోవడం మేలు. అనంతపురం, కర్నూలు పెద్దాసుపత్రుల్లో, కడప రిమ్స్‌లో చర్మ విభాగం ఉంది, ఓపీ చీటీ తీసుకుని పొద్దున్నే పోతే చూస్తారు. అక్కడ గడ్డల మొటిమలకు ఐసోట్రెటినాయిన్ మాత్ర మాట రావొచ్చు. జిడ్డు గ్రంథినే చిన్నది చేసే మందు అది, చాలామందికి మళ్ళీ రాకుండా పోతాయి. లెక్క బరువు మీద వేస్తారు, కిలోకు మొత్తం 120 నుంచి 150 మిల్లీగ్రాములు, అంటే 50 కిలోల మనిషికి 6,000 అనుకుంటే రోజుకు 20 చొప్పున పది నెలలు. అన్నం తిన్నాక వేసుకోవాల. పెదాలు పగుల్తాయి, లివర్‌కు, కొవ్వుకు రక్త పరీక్షలు చేస్తారు, వాక్సింగ్ చేయించకూడదు, వాడేటప్పుడు, ఆపిన నెల దాకా రక్తదానం చేయకూడదు. అన్నిటికంటే పెద్ద సంగతి, ఈ మాత్ర వాడేటప్పుడు గర్భం వస్తే బిడ్డకు తీవ్రమైన లోపాలు వస్తాయి, ఆపిన నెల దాకా గర్భం రాకుండా చూసుకోవాల. పెండ్లి కుదిరిన అమ్మాయి అయితే సిగ్గుపడకుండా తేదీతో సహా డాక్టర్‌కు చెప్పాల. ఈ మాత్రను స్నేహితురాలి చీటీతో కొనుక్కునేది నేరం కంటే ఎక్కువ.

మొటిమ పోయినాక మిగిలే నల్ల మచ్చ వేరు, గుంట వేరు. మచ్చ మన రంగు చర్మంలో చాలామందికి పడతాది, నెలల్లో దానంతట అదే తగ్గుతాది, సన్‌స్క్రీన్ వేస్తే తొందరగా, ఎండలో తిరిగితే ఆలస్యంగా. గుంట క్రీముతో పూడదు, దానికి డాక్టర్ చేసే పనులు ఉన్నాయి, అవి కూడా మొటిమలు పూర్తిగా ఆగినాకే.

మా పాప ఆ ట్యూబ్ కొనలేదు. ఇప్పుడు అడాపలీన్ ఐదో వారం, నిన్న రాత్రి కూడా "ఏం తగ్గలేదు చిన్నమ్మా" అని ఫోన్ చేసింది, మొదటి రోజు ఫోటో, నిన్నటి ఫోటో పక్కపక్కన పెట్టి పంపినా, నుదుటి మీద తగ్గినవి తానే లెక్కబెట్టుకుంది. వచ్చే సోమవారం ఇద్దరం ఓపీకి పోతున్నాం, రూమ్మేట్ కూడా వస్తానంది, ఇంతవరకు మొహానికి పూసిన ట్యూబులన్నీ, ఖాళీవి కూడా, ఒక కవర్లో వేసుకుని రమ్మన్నా.